లాకు దీపం

పిల్లలూ, మీరెప్పుడైనా రాజమహేంద్రవరం నుంచి కాకినాడ వెళ్ళారా? బస్సులో అయితే సుమారు రెండు గంటల ప్రయాణం. ఎక్కి కూర్చుని ఒక కునుకు తీసేసరికి కాకినాడ వచ్చేస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు మాత్రం కునుకు తియ్యకండి. కడియం దాటాక ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా పోయే దారి పట్టండి. ఆ దారిలో చాలాదూరం మీ పక్కనే ఒక కాలవ వస్తూ ఉంటుంది. గట్లమీద కొబ్బరిచెట్లు, రేవుల్లో బట్టలు ఉతుక్కునేవాళ్ళు, మెడలదాకా నీళ్ళలో మునిగి కూర్చున్న గేదెలు - అన్నీ కనిపిస్తాయి. ఒక్కటి మాత్రం కనిపించదు. అదే పడవ!

నా చిన్నతనంలో ఆ కాలవ నిండా పడవలే. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, కలప పడవలు, మనుషులు ఎక్కే పడవలు. నేనూ మా నాన్నా ఒకసారి అలాంటి పడవలోనే కాకినాడ వెళ్ళివచ్చాం. పోవటానికి ఒక రాత్రి, రావటానికి ఒక రాత్రి పట్టింది. అది 1961 జనవరి నెల, సంక్రాంతి వెళ్ళిన వారం. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ ప్రయాణం గురించి మీకు చెబుతాను.

ముందు ఆ కాలవ ఎలా వచ్చిందో చెప్పాలి. గోదావరి నది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి మన సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఇంత నీరూ ఉండి కూడా ఒడ్డున ఉన్నవాళ్ళకు తిండి ఉండేది కాదు. వరద వస్తే పొలాలు మునిగిపోయేవి, వాన రాకపోతే ఎండిపోయేవి. 1833లో పెద్ద కరువు వచ్చింది. ఆ తరవాత కొన్నేళ్ళకు ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ధవళేశ్వరం దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలని పట్టుపట్టాడు. 1847లో పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. అక్కడ నది మధ్య లంకలు ఉన్నాయి. అందుచేత ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టారు. నాలుగూ కలిపితే సుమారు నాలుగు కిలోమీటర్ల పొడుగు! దాని వెనక నిలిచిన నీరు కాలవల్లోకి మళ్ళింది. కాటన్ ఆ కాలవలను రెండు పనులకు పనికివచ్చేలా తవ్వించాడు. ఒకటి, పొలాలు తడపటం. రెండోది, పడవలు నడపటం.

మా ఊరు ధవళేశ్వరానికీ కడియానికీ నడుమ ఆ కాలవగట్టు మీదనే ఉండేది. మా ఇంటి వాకిట్లో నిలబడితే పడవ తెరచాపలు కొబ్బరిచెట్ల సందుల్లోంచి కదిలిపోతూ ఉండేవి. మా నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. ఇంట్లో ఉన్నది ఒకటే లాంతరు. మాకు ఆటవస్తువులు కొనేవాళ్ళు లేరు. తాటిబుర్రలకు పుల్ల గుచ్చితే బండి, కొబ్బరాకు చుడితే బూర, అరటిబోదె నీళ్ళలో వేస్తే పడవ. గోళీలాటలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు. బిళ్ళంగోడులో మాత్రం నన్ను ఎవరూ తమ జట్టులో చేర్చుకునేవాళ్ళు కారు. బిళ్ళ గాలిలోకి లేచిందంటే అది ఎటు పోయిందో నాకు తెలిసేది కాదు. "వీడు నిద్రమొహంగాడురా!" అని నవ్వి, నన్ను లెక్కలు చెప్పటానికి కూర్చోబెట్టేవాళ్ళు. నిజమేననుకున్నాను. నేను నిద్రమొహంగాణ్ణే కాబోలు అనుకున్నాను.

పుస్తకం చదివేటప్పుడు నేను తల బాగా వంచి, ముక్కు కాగితానికి ఆనేలా పెట్టుకునేవాణ్ణి. అది చూసి మా అమ్మ, లాంతరు వెలుగు నాకు చాలటం లేదనుకుంది. వంటింట్లో ఉండే లాంతరును తెచ్చి నా ముందు పెట్టి, తాను పొయ్యి మంట వెలుగులోనే వంట చేసుకునేది. మా నాన్న రాజమండ్రి వెళ్ళినప్పుడు లాంతరుకు కొత్త చిమ్నీ తెచ్చాడు. అయినా నా తల పుస్తకం మీంచి లేవలేదు.

ఒకరోజు అమ్మ ఏదో పనిమీద అవతలి గట్టుకు వెళ్ళింది. నేను ఇవతలి రేవులో కూర్చుని నీళ్ళలో రాళ్ళు వేస్తున్నాను. అవతల ఎవరో ఒక ఆడమనిషి చెయ్యి ఊపుతోంది. ఎవరినో పిలుస్తోంది కాబోలు అనుకుని నేను మళ్ళీ రాళ్ళు వెయ్యటం మొదలుపెట్టాను. ఆమె మళ్ళీ ఊపింది. నేను పట్టించుకోలేదు. కొంతసేపటికి రేవు పడవ ఇటు వచ్చింది. అందులోంచి దిగినది మా అమ్మ!

"నేను చెయ్యి ఊపితే పలకవేం, బాబూ?" అంది.

"ఆటలో ఉన్నానమ్మా," అన్నాను.

అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రి అన్నాలయ్యాక నన్ను వాకిట్లోకి తీసుకువెళ్ళి నడినెత్తిన ఉన్న పిల్లలకోడిని చూపించింది. మీకు తెలుసుగదా, కృత్తికా నక్షత్రాన్నే మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. పిల్లల్ని చుట్టూ పెట్టుకున్న కోడిలాగా చిన్న చిన్న చుక్కలు ఒక్కచోట గుంపుగా ఉంటాయి. మామూలు కంటికి ఆరు కనిపిస్తాయి. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆరుగురు తల్లులు వాళ్ళేనని పురాణం.

"ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టు," అంది అమ్మ.

నాకు అక్కడ ఒక్క చుక్కయినా లేదు. ఎవరో తడిచేత్తో సుద్ద రాసినట్టు చిన్న మసక మాత్రమే ఉంది. కాని అమ్మ చెప్పే కథ నాకు వచ్చుగా! "ఆరు," అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానని అడుగుతారేమో. మా ఊళ్ళో కళ్ళజోడు ఉన్నది ఇద్దరికే. ఇద్దరూ ముసలివాళ్ళు. పదేళ్ళ పిల్లవాడు కళ్ళజోడు పెట్టుకుంటే బడిలో బతకనిస్తారా? అది ఒక భయం. ఇంకొకటి, అంతకు నాలుగు రోజుల ముందు రాత్రి అమ్మా నాన్నా మాట్లాడుకోవటం విన్నాను. నాన్న నెల ఖర్చులు వేళ్ళమీద లెక్కవేస్తున్నాడు. వేళ్ళు అయిపోయాయిగాని ఖర్చులు అయిపోలేదు. అందులో నా కళ్ళు కూడా చేరటం నాకు ఇష్టంలేదు.

అయినా అమ్మ నాన్నతో చెప్పింది. సంక్రాంతి వెళ్ళగానే నాన్న మిల్లులో నాలుగు రోజులు సెలవు అడిగి, "పద, కాకినాడ పెద్దాసుపత్రిలో నీ కళ్ళు చూపిద్దాం," అన్నాడు.

కాకినాడ అనగానే నాకు రైలు గుర్తుకొచ్చింది. అప్పటికి నేను ఒక్కసారి కూడా రైలెక్కలేదు. "కడియంలో రైలెక్కుదామా?" అని అడిగాను. "పడవలో పోదాం. వచ్చేటప్పుడు రైలెక్కిస్తాను," అన్నాడు నాన్న. పడవకయ్యే డబ్బు తక్కువ. నేను మూతి ముడుచుకుని పడవెక్కాను.

సాయంకాలం నాలుగు దాటాక పడవ కదిలింది. నడుమ తాటాకు కప్పు, దానికింద చాప. ముందుభాగంలో ధాన్యం బస్తాలు, వెనక చుక్కాని పట్టుకుని సరంగు. గాలి లేదు. అందుచేత తెరచాప దించి, స్తంభానికి పొడుగాటి తాడు కట్టారు. ఇద్దరు మనుషులు ఆ తాడు భుజాన వేసుకుని గట్టువెంట నడుస్తూ పడవను లాగుతున్నారు. అమ్మ రేవులో నిలబడి చూస్తూనే ఉందట. నాన్న చెప్పాడు. పడవ నాలుగు బారలు జరిగేసరికే నాకు రేవులో ఎవరు అమ్మో, ఏది స్తంభమో తెలియలేదు.

మైలు దూరం వెళ్ళేసరికి పొద్దు వాలింది. "ముందు లాకు వస్తుంది. అదిగో, లాకు దీపం కనిపిస్తోందా?" అని నాన్న చెయ్యి చాపాడు.

నేను అటు చూశాను. చీకటి పడుతున్న కాలవ, నల్లటి గట్లు. "ఆఁ, కనిపిస్తోంది నాన్నా," అన్నాను.

నాన్న కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, "దీపం ఇంకా వెలిగించలేదురా," అన్నాడు.

నాకు గొంతు పట్టేసింది. ఇక తిడతాడు, ఆ మాటకొస్తే రెండు తగిలిస్తాడు అనుకున్నాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "కనిపించకపోవటం నీ తప్పు కాదు. కనిపించటం లేదని చెప్పటం అంతకన్నా తప్పు కాదు. నువ్వు చెప్పకపోతే మాకు ఎలా తెలుస్తుంది?" అన్నాడు. అంతే. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. "రా, లాకు ఎలా పనిచేస్తుందో చూద్దువుగాని," అని నన్ను పడవ ముందుకు తీసుకుపోయాడు.

లాకు అంటే ఏమిటో తెలుసా? కాలవ ధవళేశ్వరం నుంచి సముద్రంవైపు పల్లానికి పోతుంది. నేల ఒకేసారి దిగినచోట నీరు మెట్టు దిగినట్టు కిందికి దూకుతుంది. నీరు దూకగలదుగాని బస్తాలతో ఉన్న పడవ దూకలేదుగా! అందుకని అక్కడ నీళ్ళకొక గది కడతారు. గదికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు ఉంటాయి. మా పడవ వెళ్ళేసరికి ఎగువ తలుపులు తీసి ఉన్నాయి. గదిలో నీళ్ళు ఎగువ కాలవతో సమంగా ఉన్నాయి. పడవ లోపలికి పోయింది. లస్కరు, అంటే లాకు కాపలా చూసే మనిషి, ఎగువ తలుపులు మూసేశాడు. తరవాత దిగువ తలుపుల అడుగున ఉండే చిన్న కిటికీలు పైకెత్తాడు. గదిలో నీళ్ళు వాటిలోంచి బయటికి పోవటం మొదలుపెట్టాయి. నీళ్ళతోపాటు మేమూ దిగుతున్నాం! ఇటూ అటూ రాతిగోడలు పైకి లేస్తున్నట్టే ఉంది.

"తలుపులు ఇప్పుడే తీసెయ్యొచ్చుగా?" అని అడిగాను.

"పదిమంది కలిసి లాగినా ఇప్పుడు రావు," అన్నాడు నాన్న. "ఇటు నీళ్ళు ఎక్కువ, అటు తక్కువ. ఎక్కువ నీళ్ళు తలుపుల్ని అదిమిపెడతాయి. ఆ తలుపులు చూడు, సూటిగా లేవు. ఎగువకు మొన ఉండేలా కలిశాయి. నీళ్ళు ఎంత తోస్తే అంత గట్టిగా బిగుసుకుంటాయి. రెండువైపులా నీళ్ళు సమమయ్యేదాకా ఆగాలి. అప్పుడు చూడు."

ఆగాం. నీళ్ళ చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. లస్కరు ఒక్కడే తలుపు దూలాన్ని నడుముతో తోశాడు. అంత పెద్ద తలుపు చప్పుడు లేకుండా జరిగింది. ఇంజను లేదు, ఆవిరి లేదు. నీటి బరువే అన్ని పనులూ చేసింది. మేము కింది కాలవలోకి వచ్చేశాం. వెనక లస్కరు దీపం వెలిగించాడు. దగ్గరగా ఉంది గనక అది నాకు కనిపించింది. చెయ్యంత మంట, చుట్టూ దూదిపింజలాంటి వెలుగు.

రాత్రి అమ్మ కట్టి ఇచ్చిన పులిహోర, పెరుగన్నం తిన్నాం. జనవరి చలి. ఒకటే దుప్పటి. అందులో ఎక్కువభాగం నామీదే ఉందని తెల్లారాక తెలిసింది. నడిరేయి దాటాక దూరంగా రైలు పోయింది. అది నాకు పొడుగాటి మసక వెలుతురులాగా కనిపించి, చీకట్లో కలిసిపోయింది. సామర్లకోట దాటి, పొద్దెక్కాక కాకినాడ చేరాం.

ఆసుపత్రిలో కంటి డాక్టరుగారు నన్ను ఒక బల్లమీద కూర్చోబెట్టారు. ఎదురుగా గోడమీద అక్షరాల పలక. పైవరస అక్షరాలు పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. నేను మొదటి వరస చదివాను. రెండో వరస దగ్గర నోరు మూతపడింది. నాన్న వైపు చూశాను. లాకు దగ్గర ఆయన అన్న మాట జ్ఞాపకం వచ్చింది. "నాకు కనిపించటం లేదండీ," అన్నాను. ఆ మాట అనటం ఎంత తేలికో అప్పుడు తెలిసింది!

డాక్టరుగారు నా ముక్కుమీద ఒక ఇనపచట్రం పెట్టి, అందులో అద్దాలు మార్చి మార్చి చూశారు. ఒక అద్దం వేసేసరికి నేను పలకవైపు చూడటం మానేసి కిటికీవైపు చూశాను. బయట వేపచెట్టు. దాని ఆకులు! చెట్టు దగ్గరకు పోతే ఆకులుంటాయి, దూరం పోతే పచ్చటి ముద్ద అయిపోతుంది, లోకమంతా అంతే అనుకునేవాణ్ణి నేను. "నాన్నా, చెట్టుమీద ఆకులు అందరికీ ఇలా విడివిడిగా కనిపిస్తాయా?" అని అడిగాను. నాన్న జవాబు చెప్పలేదు. ఆయన కూడా కిటికీవైపు తిరిగి ఆ వేపచెట్టునే చూస్తూ నిలబడ్డాడు.

డాక్టరుగారు మంచివారు. కాగితంమీద కన్ను బొమ్మ గీసి చూపించారు. కంటి ముందుభాగంలో ఉండే కటకం, ఎదుట ఉన్న వస్తువు బొమ్మను వెనక ఉండే తెరమీద పడేలా చేస్తుంది. కొందరి కనుగుడ్డు ఉండవలసినదానికంటే కొంచెం పొడుగవుతుంది. అప్పుడు దూరంగా ఉన్న వస్తువు బొమ్మ తెరదాకా రాకుండా ముందే ఏర్పడుతుంది. తెరమీదికి వచ్చేది మసకే. దీన్నే హ్రస్వదృష్టి అంటారు. దగ్గర వస్తువులు మాత్రం చక్కగా కనిపిస్తాయి. నేను గోళీలాటలో గెలవటానికీ, బిళ్ళంగోడులో ఓడటానికీ కారణం అదే! నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉండే పుటాకార కటకం కళ్ళజోడులో పెడితే, ఆ బొమ్మ వెనక్కి జరిగి సరిగ్గా తెరమీద పడుతుంది. "ఇది జబ్బు కాదు, బుద్ధి తక్కువా కాదు," అన్నారు డాక్టరుగారు. నిద్రమొహం సంగతి ఆయనకు ఎవరు చెప్పారో!

కళ్ళజోడు తయారుకావటానికి రెండు రోజులు పట్టింది. రామారావుపేటలో చుట్టాల ఇంట్లో ఉన్నాం. కళ్ళజోడు వచ్చిన రోజు పొద్దున్నే నాన్న నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాడు. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. అందుచేత ఆ రోజుల్లో పెద్ద ఓడలు ఒడ్డుకు రాకుండా దూరంగా లంగరు వేసుకునేవి. చిన్న నావలు వెళ్ళి సరుకు దించుకు వచ్చేవి. ఎదురుగా గోదావరి తెచ్చిపోసిన ఇసకతో ఏర్పడిన హోప్ దీవి అలలకు అడ్డుగా ఉంటుంది. అంత దూరాన ఉన్న ఓడకు పొగగొట్టం ఉందని నాన్న చెప్పకముందే నేను చెప్పాను.

తిరిగి వస్తూ బజారులో నాన్న జేబులోని చిల్లర అరచేతిలో పోసుకుని లెక్కపెట్టాడు. "ఒరే, తిరిగి పోయేటప్పుడు రైలెక్కిస్తానన్నాను. ఎక్కిస్తాను. పడవలో పోతే మాత్రం అమ్మకు కాజాలు కొనటానికి డబ్బు మిగులుతుంది. నీ ఇష్టం," అన్నాడు.

నేను ఆలోచించలేదు. "పడవే నాన్నా. నేను లాకు దీపం చూడాలి," అన్నాను. గొట్టం కాజాలు పొట్లం కట్టించుకుని మధ్యాహ్నం పడవెక్కాం.

పిల్లలూ, అదే కాలవ, అవే గట్లు. కాని నేను అంతకుముందు వాటిని చూడలేదని అప్పుడు తెలిసింది. తాడు లాగే మనుషుల్లో ఒకడికి తెల్లటి మీసాలున్నాయి. రెండోవాడు లాగుతూ లాగుతూ ఏదో పాడుకుంటున్నాడు, వాడి పెదవులు కదులుతున్నాయి. ఏటికెదురు ప్రయాణం గనక వాళ్ళ కాళ్ళు నేలలో దిగబడుతున్నాయి. పోయేటప్పుడు వాళ్ళు నాకు రెండు నల్లటి నీడలు. అంత కష్టపడి నన్ను కాకినాడ చేర్చినవాళ్ళకు మొహాలున్నాయని నాకు తిరిగివచ్చేటప్పుడే తెలిసింది. నాన్నను అడిగి చెరొక కాజా ఇచ్చాను.

చీకటిపడ్డాక రైలు పోయింది. ఈసారి అది మసక వెలుతురు కాదు. ఒక్కొక్క కిటికీ విడిగా ఉంది. ఒక కిటికీలో ఎవరో పిల్లవాడు చెయ్యి బయటపెట్టి ఊపాడు. నేనూ ఊపాను. రైలెక్కలేదన్న దిగులు ఏమీ లేదు. తరవాత తాటాకు కప్పు కిందనుంచి బయటికి వచ్చి వెల్లకిలా పడుకుని నెత్తిమీద చూశాను. పిల్లలకోడి! ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. నేను అమ్మకు చెప్పిన అబద్ధం నాలుగైదు రోజులు ఆలస్యంగా నిజమయింది. ఆ చుక్కల నుంచి బయలుదేరిన వెలుగు మన కంటికి చేరటానికి సుమారు 440 ఏళ్ళు పడుతుందనీ, దుర్భిణిలోంచి చూస్తే అక్కడ ఆరు కాదు, వందలకొద్దీ ఉన్నాయనీ పెద్దయాక చదువుకున్నాను. ఆ రాత్రి నాకు ఆరూ చాలు.

తెల్లవారుజామున నాన్న నన్ను లేపలేదు. నేనే లేచాను. మంచు కురుస్తోంది. దూరంగా, కాలవ మలుపులో, గుండుసూది తలంత వెలుగు ఉంది.

"నాన్నా, లాకు దీపం," అన్నాను. "వెలుగుతోంది."

"అవును, వెలుగుతోంది," అన్నాడు నాన్న.

లాకు ఎక్కి, మైలు దూరం వచ్చేసరికి సూర్యుడు పైకి వచ్చాడు. మా రేవు కనిపించింది. రేవులో స్తంభం, స్తంభం పక్కన అమ్మ. మేము ఏ రోజు వస్తామో, ఏ పడవలో వస్తామో ఆమెకు తెలియదు. తరవాత తెలిసింది, ముందురోజు పొద్దున కూడా అక్కడే నిలబడిందట. ఆమె ఇంకా పడవల్ని వెతుక్కుంటోంది. నేను లేచి నిలబడి చెయ్యి ఊపాను. మొదట నేనే ఊపాను! అమ్మ అలా చూస్తూ ఉండిపోయి, ఒక చెయ్యి ఎత్తింది. తరవాత పక్కకు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు తెలియకుండా తుడుచుకుందామనుకుంది పాపం! అంత దూరం నుంచి నాకు కనిపించదనుకోవటం ఆమెకు అలవాటు. కాని ఇప్పుడు నాకు అన్నీ కనిపిస్తున్నాయి.

బడిలో ఏమయిందంటారా? వారం రోజులు "తాతగారూ!" అని పిలిచారు. ఎనిమిదోరోజున బిళ్ళంగోడులో గాలిలో ఉన్న బిళ్ళను రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ తరవాత ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు మా అమ్మా నాన్నా లేరు. ఆ పడవలూ లేవు. రోడ్లు మంచివయ్యాయి, లారీలూ బస్సులూ వచ్చాయి. రాత్రంతా నడిచే పడవ కోసం ఎవరు ఆగుతారు? కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బారేజి పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పోయే కాలవలను, గోదావరి, కృష్ణల కొన్ని భాగాలతో కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ లెక్కలో ధవళేశ్వరం నుంచి కాకినాడ పోయే మన కాలవ పొడుగు సుమారు 50 కిలోమీటర్లు. ఎప్పటికైనా దానిమీద మళ్ళీ పడవలు నడిస్తే, మీరు తప్పక ఎక్కాలి.

ఈ మధ్య నేను మా ఊరి లాకు దగ్గరికి వెళ్ళాను. రాతిగోడలు అలాగే ఉన్నాయి. చిన్నప్పుడు అవి కొండంత ఎత్తు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నా ఎత్తుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ గట్టుమీద కూర్చుని నాన్న మాట తలుచుకున్నాను. రెండువైపులా నీళ్ళు సమమయ్యేదాకా ఆగాలి. నాన్న నా విషయంలో చేసిందీ అదే. దీపం దగ్గర నా అబద్ధం పట్టుకున్నాడుగాని, ఆ తలుపును బలవంతాన తొయ్యలేదు. నేను నా అంతట నేనే నిజం చెప్పేదాకా ఆగాడు.

మీరు ధవళేశ్వరం వెళితే బారేజీతోపాటు కాటన్ మ్యూజియం చూడండి. కాలవ మొదట్లో ఉన్న లాకు దగ్గరికి కూడా తీసుకుపొమ్మని మీ నాన్నను అడగండి. తలుపులు ఎందుకు మొనతేలి కలిశాయో మీరే ఆయనకు చెప్పండి. బడిలో నల్లబల్లమీది అక్షరాలు మసకగా ఉంటే, నాలాగా దాచుకోకుండా ఇంట్లో చెప్పండి.

చలికాలం రాత్రుల్లో మబ్బులు లేనప్పుడు ఒకసారి వాకిట్లోకి రండి. అమ్మను పక్కన నిలబెట్టుకుని పిల్లలకోడిని లెక్కపెట్టండి. ఎన్ని కనిపిస్తే అన్నే చెప్పండి.